ధనిష్ఠలో ఇంటికెళ్ళాం

పొద్దున్నే మా అమ్మాయి సంజన కింద దుప్పటి మారుస్తున్నాను. పిల్లని మంచం మీంచి లేపకుండా దుప్పటి మార్చడం నాకు కరుణమ్మ సిస్టర్ నేర్పింది. పిల్లని మెల్లగా ఒక పక్కకి తిప్పి, పాత దుప్పటిని వీపు దాకా చుట్టి, దాని వెనకే కొత్తది పరిచి, మళ్ళీ పిల్లని రెండో పక్కకి తిప్పాలి. సంజనకి ఎముకల్లో నొప్పి. అందుకని మందు వేసిన అరగంట తర్వాతే ఈ పని పెట్టుకుంటాను. సగం చుట్టిన దుప్పటి చేతిలో ఉండగా ఫోన్ మోగింది. మా ఆయన తాతారావు. ఫోన్ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాను.

"పిల్ల ఇంకా ఎన్ని రోజులుంటాది?" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వైజాగ్ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ, ఇక్కడికొచ్చాకా కూడా, "తిన్నాదా? జొరమేటన్నా ఉందా? సరే, ఉంతాను" తప్ప ఆ మనిషి ఇంకో మాట అడిగి ఎరగడు. రక్తంలో కేన్సరు మళ్ళీ తిరగబెట్టిందని డాక్టరు చెప్పిన రోజు కూడా, బైట టీ కొట్టు దగ్గర నిలబడి నన్నే లోపలికి పంపాడు. అలాంటి మనిషి ఇవాళ తనంతట తాను అడిగాడు. ఇతనికీ లోపల కాలుతోందన్న మాట, మగాడు కదా పైకి చెప్పుకోలేక ఇన్నాళ్ళూ నలిగిపోయాడు కాబోలు అని, పిచ్చిదాన్ని, అతని మీద జాలి పడ్డాను. పిల్ల వినకుండా వరండాలోకి వచ్చాను.

"డాక్టరుగోరు వారం అన్నారు. పది రోజులూ అవ్వొచ్చంట. ఎవులు సెప్పగలరు?" అన్నాను.

"సోమారం దాకా ఆగుతాదా?"

"సోమారమేటి?"

"ఏటీ లేదు. డాక్టర్ని ఓపాలి గట్టిగా అడిగి సెప్పు." పెట్టేశాడు.

సోమవారం సెలవు దొరుకుతుందేమో, వచ్చి పిల్ల దగ్గర కూచుంటాడేమో అనుకున్నాను. ఆ రోజంతా ఆ ఊహ మీదే బతికాను. తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మేముండేది టెక్కలి దాటాక తోటలో ఉన్న ఒక పాత మిషన్ బంగళా. ఎనిమిది మంచాలు. ఇంక చేసేదేమీ లేదని పెద్దాసుపత్రుల వాళ్ళు పంపేసిన పిల్లలు ఇక్కడికొస్తారు. చేసేదేమీ లేదన్నది ఎంత అబద్ధమో ఇక్కడికొచ్చాకే తెలిసింది. నాలుగు గంటలకోసారి నొప్పి తగ్గించే సిరప్ కొలిచి పొయ్యాలి. నోరు ఎండిపోకుండా తడిగుడ్డతో తుడవాలి. రెండు గంటలకోసారి పక్క తిప్పాలి, వీపు మీద ఎర్రబడిందేమో చూడాలి. జావ చెంచాడు తాగితే చెంచాడు, అరచెంచాడైతే అరచెంచాడు. కక్కితే తుడిచి మళ్ళీ కాచాలి. మధ్యలో పిల్ల నవ్వితే నవ్వాలి, కథ అడిగితే చెప్పాలి. గేటు దగ్గర అతికించిన కాగితం మీద "పిల్లతో పాటు ఒకరు ఉండాలి" అని రాసుంది. తల్లే ఉండాలని ఎక్కడా రాయలేదు. అయినా ఎనిమిది మంచాల పక్కనా ఎనిమిది మందిమి ఆడవాళ్ళమే.

తండ్రులు ఆదివారం వస్తారు. ఇస్త్రీ చొక్కాలతో, బత్తాయిల సంచులతో వస్తారు. వాళ్ళు రాగానే మేం కుర్చీల్లోంచి లేచిపోతాం. ఎవరూ లెమ్మనరు, అలవాటు కొద్దీ లేస్తాం. పిల్లని పక్కన పెట్టుకుని ఫొటో దిగి, స్టేటస్‌లో పెట్టి, కళ్ళు తుడుచుకుని, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతారు. చూడ్డానికొచ్చిన కాలేజీ పిల్లలు "ఆ నాన్నకి ఎంత ప్రేమో పాపం" అంటూ ముక్కులు ఎగబీలుస్తారు. పక్క మంచం చందన వాళ్ళమ్మ ఉమ ఒకసారి ఉండబట్టలేక అనేసింది: "మనం ఏడిత్తే పనికి అడ్డం. ఆల్లు ఏడిత్తే పేమ." ఆ రోజు బట్టలుతికే బండ దగ్గర ఇద్దరం పడీ పడీ నవ్వాం. నవ్వుతూనే ఏడ్చాం.

వారానికోసారి కరుణమ్మ సిస్టర్ ప్రతి మంచం దగ్గరా కూచుని, పిల్లని ఒకటే మాట అడుగుతుంది. "నీకేం కావాలమ్మా?" తల్లుల్ని అడగదు, పిల్లల్నే అడుగుతుంది. అడిగింది తీరేదైతే ఎలాగోలా తీరుస్తుంది. చందన గోరింటాకు అడిగితే ఎక్కడెక్కడో తిరిగి ఆకు కోసుకొచ్చి తనే నూరి పెట్టింది. ఈసారి సంజనని అడిగినప్పుడు, తొమ్మిదేళ్ళ పిల్ల, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మా కొత్తింట్లో పడుకోవాలి."

అడగ్గూడనిదే అడిగింది.

ఆ ఇంటి సంగతి చెప్పాలి. మాది అక్కుపల్లి వెళ్ళే దారిలో కొబ్బరితోటల మధ్య చిన్న ఊరు. ఆ ఇంటి గోడ లేచిన ప్రతి రోజూ బోరు దగ్గర్నుంచి బిందెలతో నీళ్ళు మోసి తడిపింది నేను. మేస్త్రీలకీ కూలీలకీ రెండు పూటలా వండింది నేను. పలాస జీడి ఫ్యాక్టరీలో పొద్దుటి నుంచి పప్పుకి పొట్టు తీసి, ఆ మరకల చేతుల్తోనే వచ్చి నీళ్ళు మోసేదాన్ని. పిల్ల గట్టు మీద కూచుని, "ఈ గది నాదే కదమ్మా, దీనికి పచ్చ రంగెయ్యాలి" అనేది. ఇల్లు పూర్తయ్యేసరికి మేం వైజాగ్ ఆసుపత్రిలో ఉన్నాం. గృహప్రవేశానికి ఫోన్ చేసి మా అత్త ఏమందో తెలుసా? "పిల్ల జబ్బుతో ఉంది, నువ్వు ఆస్పటల్లో తిరుగుతన్నావు. సుబమా అని పాలు పొంగిత్తంటే నువ్వెందుకే? మీ ఆడపడుసు పొంగిత్తాది." నా ఇంట్లో పాలు నా ఆడపడుచు పొంగించింది. పీటల మీద మరిదీ తోటికోడలూ కూచున్నారు. వీడియో పంపారు. సంజన దాన్ని ఇరవై సార్లు చూసుంటుంది. "అమ్మా, నా గదికి నిజంగానే పచ్చ రంగేసినారే" అంది. ఆ గదిలో ఇప్పుడు బియ్యం బస్తాలు పెట్టారని నేను చెప్పలేదు.

సిస్టర్ వెంటనే పని మొదలుపెట్టింది. ఇంటికి పంపడం వాళ్ళకి కొత్తేం కాదు. మందులు సర్దింది, సిరప్ కొలత మళ్ళీ నాతో నాలుగుసార్లు పోయించి చూసింది, ఊపిరి ఎగబోస్తే ఎలా పడుకోబెట్టాలో చూపించింది. గురువారం జీపు ఇస్తామన్నారు. సంబరంగా మా ఆయనకి ఫోన్ చేశాను. సోమవారం దాకా ఆగక్కర్లేదు, గురువారమే తెస్తున్నాను అన్నాను. "మాయమ్మకిత్తాను" అన్నాడు.

మా అత్త అప్పలమ్మ గొంతు బాగా మెత్తగా ఉంది. మెత్తగా ఉన్నప్పుడే భయపడాలి ఆవిడకి.

"సూడమ్మా వాణీ. గురువారం నించి ధనిష్ఠ పంచకం. అయిదు రోజులు. ఆ అయిదు రోజుల్లో ఇంట్లో ఎవులన్నా పోతే ఇల్లు పాడుపెట్టాల. ఆర్నెల్లు తలుపులు మూసీసి అందరం బైటికెల్లిపోవాల. కొత్తిల్లు కదమ్మా. పంతులుగోరు మరీ మరీ సెప్పినారు. సోమారం ఎల్లినాక తీసుకొత్తే మాకేటి బాద? ఆ అయిదు రోజులూ అక్కడే ఉంచు. ఈలోగా ఏటైనా అయితే... అక్కడే అయిపోతాది."

అయిపోతాదట. సోమవారం దాకా ఆగుతాదా అని మొగుడు అడిగింది అందుకు. కొత్తింటికి తీసుకెళ్ళమని పిల్ల మూడు నెలలుగా పోరుతోందని అతనికీ తెలుసు. నా కూతురి ప్రాణం పంచాంగంలో అయిదు గళ్ళకి అడ్డం పడుతోందా లేదా అని లెక్క చూసుకున్నాడు. నేను దాన్ని ప్రేమనుకుని వరండాలో నిలబడి కళ్ళు తుడుచుకున్నాను!

ఫోన్ పెట్టేసి బట్టల బండ మీద కూచున్నాను. మా మావయ్య రామూర్తికి కిడ్నీలు పోయి నాలుగేళ్ళయింది. మా ఉద్దానంలో ఇంటికొకరు అలాంటివాళ్ళు. రెండేళ్ళ పాటు వారానికి మూడు రోజులు ఆయన్ని ఆటోలో సోంపేట తీసుకెళ్ళి డయాలసిస్ చేయించి, తూలిపోతున్న మనిషిని భుజం పట్టుకుని ఇంటికి తెచ్చింది నేనే. రెండుసార్లు ఆయన ఊపిరి అందక కళ్ళు తేలేస్తే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి ఏడ్చాం. ఆ రెండుసార్లూ నక్షత్రం ఏమిటని ఒక్కళ్ళు అడగలేదు. ఆయన్ని తీసుకెళ్ళి తోటలో పడుకోబెడదామని ఎవరికీ తోచలేదు. పెద్ద మగాడు ఇంట్లో పోతే హక్కు, తొమ్మిదేళ్ళ ఆడపిల్ల పోతే ఇంటికి అరిష్టం. వీళ్ళ పంచాంగం కూడా మనిషిని చూసి మాట్లాడుతుంది.

కరుణమ్మ సిస్టర్ వచ్చి పక్కన కూచుంది. అంతా వింది. దేవుడి మాట ఏదైనా చెబుతుందేమో అనుకున్నాను. చెప్పలేదు.

"తీసుకెళ్ళడానికి వాళ్ళ నాన్న సంతకం కావాలా సిస్టర్?" అడిగాను.

"వచ్చిన రోజు సంతకం ఎవులు పెట్టినారు?"

"నానే."

"మందు మార్చినపుడల్లా?"

"నానే."

"మరింకేటి?" అంది. లేచి వెళ్ళి జీపు డ్రైవర్‌కి గురువారం పొద్దున్న ఎనిమిదింటికి రమ్మని చెప్పింది.

జీపులో సిస్టర్ కూడా మాతో వచ్చింది. దారి పొడుగునా సంజన కళ్ళు తెరిచే ఉంది. కాశీబుగ్గలో జీడిగింజలు కాలుస్తున్న కమురు వాసన రాగానే "అమ్మ వాసన" అంది. సిస్టర్ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. నేను మాత్రం ఏడవలేదు. గేటు దగ్గర ఏం మాట్లాడాలో ఒకటికి పదిసార్లు లోపల అనుకుంటున్నాను. నాకు మాట చాతకాదని ఆ ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. పన్నెండేళ్ళు ఆ నమ్మకాన్ని నేనే పోషించాను, మాట్లాడే తీరిక ఉంటే కదా.

జీపు ఆగేసరికి మా అత్త గేటుకి అడ్డంగా నిలబడి ఉంది. వెనక మా ఆయన తల దించుకుని ఉన్నాడు. అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో మావయ్య. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఒక్కొక్కరే బైటికొచ్చారు.

"ఓలమ్మ ఓలమ్మ! సిలక్కి సెప్పినట్టు సెప్పినాను గదే! ఇయ్యాలే ధనిష్ఠ! పిల్లకేటన్నా అయితే ఇల్లు పాడుపెట్టాలే తల్లీ!"

"పాడుపెట్టండత్తా" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఇంట్లో ఉన్నోలు బైటికెల్లాల అన్నారు పంతులుగోరు. బైటున్నోలు లోనికి రాకూడదని అన్లేదు గదా. మీరు ఎల్లండి. నానూ నా పిల్లా ఉంతాం. మావయ్య ఊపిరాగినట్టయినపుడు మనం ఇల్లు కాలీ సెయ్యనేదు. ఆయన్ని బైటెయ్యనేదు. ఏం మావయ్యా, ఏసినామా?"

మావయ్య కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు, మెల్లగా నడిచొచ్చి, స్ట్రెచర్ పట్టేలా గేటు రెండో రెక్క కూడా తెరిచాడు. మళ్ళీ వెళ్ళి కూచున్నాడు. ఆ మాత్రం చేశాడు.

పచ్చ గదిలోంచి బియ్యం బస్తాలు నేనూ సిస్టరూ డ్రైవరూ కలిసి బైటికి లాగేశాం. కిటికీ కింద పరుపు వేశాం. సంజన గోడ మీద చెయ్యి పెట్టి చూసుకుంది. "సల్లగా ఉందే" అంది. సిస్టర్ మందు వేళలు ఒకసారి గుర్తు చేసి, రోజూ పొద్దున్న ఫోన్ చేస్తానని, శనివారం వస్తానని చెప్పి వెళ్ళింది. మందు పోసిన పావుగంటకి పిల్ల నిద్రపోయింది. మూడు నెలలుగా అడుగుతున్న నిద్ర అది.

మధ్యాహ్నానికి ఇంట్లో మూటలు కట్టడం మొదలైంది. నన్ను బెదిరించడానికే కడుతున్నారని తెలుసు. నేను ఆపుతాననీ, కాళ్ళు పట్టుకుంటాననీ చూశారు. నేను పిల్లకి జావ కాచుకుంటున్నాను. పంతం కొద్దీ ఆటో పిలిపించారు, సోంపేటలో ఆడపడుచు ఇంటికి. మావయ్య కూడా ఎక్కాడు. గేటు తెరిచినంత మాత్రాన ఉండిపోతాడని నేనూ అనుకోలేదు.

అందరూ ఎక్కాక మా ఆయన మళ్ళీ గుమ్మం దాకా వచ్చాడు. పచ్చ గది తలుపు వైపు చూశాడు, లోపలికి మాత్రం రాలేదు.

"ఒక్కదానివీ ఎలాగ సేత్తావే?" అన్నాడు.

"ఇన్నాల్లూ ఎవులు సేసినారు?"

కాసేపు చెప్పులోని కాలు అటూ ఇటూ కదిపాడు. ఆటోలోంచి వాళ్ళమ్మ పిలుస్తోంది.

"మరి... మేం మల్లీ ఎపుడు రావాల?"

ఇతన్ని ఒకప్పుడు నేను ఇష్టపడ్డాను. ఆ మాట కూడా దాచను. ఇప్పుడు కూడా, ఒక్క అడుగు లోపలికేసి ఆ పిల్ల పక్కన కూచుని ఉంటే, అన్నీ మింగేసి అతనికి అన్నం పెట్టేదాన్నేమో. అతను గడప అవతలే నిలబడి నా జవాబు కోసం చూస్తున్నాడు.

"పంచాంగం మీ కాడే ఉంది గదా, సూసుకోండి" అని తలుపేసి లోపల్నుంచి గడియ పెట్టాను.