నరసింహ గారి డే కేర్

కూతురు దియకి లంచ్ డబ్బా కట్టాలి. భర్త హరనాథ్‌కి క్లయింట్ మీటింగ్ ఉంది, నీలం చొక్కా ఇస్త్రీ చేయాలి. రాత్రి నానబోసిన పప్పు రుబ్బాలి, ఇంకా ఆలస్యమైతే వాసనొస్తుంది. డిష్‌వాషర్ ఖాళీ చేయాలి. డెంటిస్ట్ అపాయింట్‌మెంట్ మార్చాలి. హరనాథ్ వాళ్ళమ్మగారికి ఫోన్ చేసి మోకాలి నొప్పి ఎలా ఉందో అడగాలి. అడగాల్సింది కొడుకే గానీ, అతను అడిగితే రెండు నిమిషాల్లో పెట్టేస్తాడని ఆవిడ బాధ. వీటన్నిటి మధ్యా ఒక ఆడియో ముక్క వెతికి ఆఫీసుకి పంపాలి.

ఆ చివరిదొక్కటే హైమకి జీతం వచ్చే పని.

ఆమె ఒక అమెరికన్ వార్తా సంస్థకి టెక్సాస్‌లో, ఫ్రిస్కోలోని ఇంటి నుంచే పనిచేస్తుంది. ఆ సంస్థ పంపే వార్తల్ని దేశమంతటా పత్రికలూ రేడియోలూ తీసుకుని వేసుకుంటాయి. సముద్రాల అవతల యుద్ధం మొదలైనప్పటి నుంచి ఆఫీసులో ఒకటే గొడవ: ఈ నెల ఎన్ని యుద్ధవిమానాలు తయారయ్యాయి, ఇంకెన్నిటికి ఆర్డరొచ్చింది, ఫోర్ట్‌వర్త్ వైపున్న ఫ్యాక్టరీలో మూడో షిఫ్టు మొదలైందా లేదా. లెక్కలు చదివి జనానికి విసుగొచ్చింది. "ఆ షిఫ్టులకి వెళ్ళేవాళ్ళ ఇళ్ళు ఎలా నడుస్తున్నాయో రాయి," అంది ఎడిటర్ మార్గరెట్. కాంట్రాక్టు మీదున్న హైమకి అది చాలా పెద్ద మాట. బాగా రాస్తే పర్మనెంట్ చేస్తారు. నకిరేకల్‌లో వాళ్ళింట్లో మొదటి డిగ్రీ తనదే. నాన్న ఆ సర్టిఫికెట్‌ని దేవుడి పటాల పక్కన తగిలించాడు. హరనాథ్ మాత్రం పార్టీల్లో, "మా హైమ టైంపాస్‌కి న్యూస్ రాస్తుందండీ," అని నవ్వుతూ పరిచయం చేస్తాడు. అందులో ప్రేమే ఉందని హైమ చాన్నాళ్ళు అనుకుంది.

ఫ్యాక్టరీ దగ్గర ఒక తెలుగు పెద్దాయన ఇంట్లోనే డే కేర్ నడుపుతున్నారనీ, తెల్లవారకముందే తల్లులు పిల్లల్ని అక్కడ దింపి డ్యూటీకి వెళ్తారనీ తెలిసి, పోయిన వారం అక్కడికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళింది. పేరు నరసింహ గారు. రిటైరైన ఇంజనీరు. ఎదురొచ్చి మరీ సోఫాలో కూర్చోబెట్టారు. రెండు గంటలు మాట్లాడారు. ఆ మాటలతో హైమ రాసిన వార్త ఎక్కడెక్కడి పత్రికల్లోనో వచ్చింది. 'విమానాల వెనుక ఒక తాతయ్య' అని ఒకాయన హెడ్డింగు పెట్టాడు. తెలుగు సంఘం వాళ్ళు నరసింహ గారికి శాలువా కప్పుతామన్నారు. మార్గరెట్ మెచ్చుకుంది. ఇప్పుడు రేడియోకి చిన్న ఆడియో కావాలట, నరసింహ గారు పిల్లల్ని ఆడిస్తున్నప్పటిది.

రుబ్బిన పిండి గిన్నెలోకి తీసి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రికార్డింగ్ వినడం మొదలుపెట్టింది హైమ.

"ఇది దేశసేవమ్మా. మనకి అన్నం పెట్టిన దేశం. నాకు సెల్యూట్‌లూ అవీ అక్కర్లేదు..." నరసింహ గారి గొంతు. దాని వెనక, దూరంగా, ఇంకో గొంతు: "కమ్ నాన్నా, ఒన్ మోర్ ముద్ద. ఆ... గుడ్ బాయ్."

హైమ కొంచెం ముందుకి జరిపింది. "డిసిప్లిన్ ముఖ్యం. నేను టైం టేబుల్ వేసిపెట్టాను..." వెనక నీళ్ళ చప్పుడు, ఒక పాప ఏడుపు. "డోంట్ క్రై బంగారం. మమ్మీ కమింగ్. మమ్మీ విమానం కుడుతోంది కదా, కుట్టేసి వస్తుంది."

ఇంకా ముందుకి. "ఉషా! ఆ పిల్లాణ్ణి చూడు, ఇక్కడ మాట్లాడుకుంటున్నాం!" వెంటనే మరో గొంతు, మర్యాదగా, మెత్తగా: "పర్లేదంకుల్, మీరు చెప్పండి."

అది తన గొంతే.

హైమ స్టూలు మీద కూర్చుండిపోయింది. మళ్ళీ వింది. "కాఫీ తీసుకోమ్మా, చల్లారిపోతుంది," అని ఆంటీ, నరసింహ గారి భార్య, అనడం ఉంది. తను థాంక్స్ కూడా చెప్పకుండా, "అయితే అంకుల్, మీరు ఎంతమంది పిల్లల్ని చూసుకుంటారు?" అని అడగడం ఉంది. ఆయన ఆగి, "ఉషా, ఎంతమందే?" అని లోపలికి అడగడం కూడా ఉంది. రెండు గంటల్లో ఆయన ఒక్క పిల్లాడినీ పేరు పెట్టి పిలవలేదు, ఆడించిన ముక్క అసలే లేదు. ఆ రోజు ఇదంతా తను కళ్ళారా చూసింది. ఆంటీ చంకలో ఒక పాప, కొంగు పట్టుకుని ఇంకొకడు, రెండో చేత్తో కాఫీ కప్పు. చూసి కూడా రాయలేదు. హాల్లో మగవాళ్ళు మాట్లాడుతుంటే వంటింటి వైపు చూడకూడదని ఎవరూ చెప్పలేదు, అయినా ఆ అలవాటు వచ్చేసింది. ఇంటికొచ్చిన పెద్దమనిషి నాన్నతో మాట్లాడుతుంటే అమ్మ తలుపు చాటున నిలబడేది. అమ్మ చెప్పిన జవాబునే నాన్న మళ్ళీ గట్టిగా చెప్పేవాడు. ఆ తలుపు చాటు నుంచి తప్పించుకోవడానికే కదా ఇంత చదివింది! తీరా మైకు చేతికొచ్చాక దాన్ని పట్టుకెళ్ళి హాల్లో సోఫా ముందే పెట్టింది.

కాఫీ కోసం హరనాథ్ మేడ దిగాడు. విషయం విని, "అయ్యో, దీనికింత సీనా? అంకుల్ పేరు పడితే ఆంటీ పేరు పడినట్టే కదా. ఇద్దరూ ఒకటేగా," అన్నాడు.

"అయితే సవరణ వేసి ఆంటీ పేరు పెడతాను. అంకుల్ పేరు పడినట్టే కదా."

"అతి చేయకు హైమా. శుక్రవారం నీ జాబ్ సంగతి తేలుస్తారు. ఇప్పుడు నీ వార్త తప్పని నువ్వే చెప్పుకుంటావా? ఎవరైనా అడిగారా నిన్ను?"

ఎవరూ అడగలేదు. నిజమే.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళింది. నరసింహ గారు వాకింగ్‌లో ఉన్నారు. పిల్లలు దుప్పట్ల మీద వరసగా నిద్రపోతున్నారు. ఆంటీ గుసగుసగానే మాట్లాడింది.

"నా పేరెందుకమ్మా. ఆయన నొచ్చుకుంటారు."

"పేపర్లో చూసినప్పుడు మీకేమనిపించింది ఆంటీ?"

"నాకు ఇంగ్లీషు చదవడం రాదుగా. ఈ బుడ్డోడి వాళ్ళమ్మ చదివి, ఇందులో నువ్వెక్కడ అంది. కాఫీ దగ్గరుంటానేమో చూడమ్మా అన్నాను." ఆవిడ నవ్వింది. "కాఫీ కూడా లేదందమ్మా."

హైమకి నవ్వు రాలేదు. తల దించుకుంది.

"నువ్వేం బాధపడకు. ఆ విమానాలు ఎవరి నెత్తిన పడతాయో తలుచుకుంటే నాకసలు ముద్ద దిగదు. దేశసేవని ఆయన అంటారు గానీ, నేనెప్పుడూ అనలేదు. ఈ పసివాళ్ళు ఏం చేశారు? వాళ్ళకి టైముకి అన్నం కావాలి, నిద్ర కావాలి. అంతవరకే నా లెక్క." పక్కకి దొర్లిన పాపని దుప్పటి మీదకి జరిపి, అంది: "రాస్తే మాత్రం ఉషారాణి అని పూర్తిగా రాయి. బడి మానిపించాక ఆ పేరుతో ఎవరూ పిలవలేదు."

హైమ కార్‌లోంచే మార్గరెట్‌కి ఫోన్ చేసింది.

"డే కేర్ లైసెన్సు ఆయన పేరు మీదే ఉంది. ఆయన చెప్పిందే రాశావు. రూల్ ప్రకారం ఇది తప్పు కాదు," అంది మార్గరెట్. "సవరణ వేస్తే నీ రికార్డులోకి ఎక్కుతుంది. ఈ వారంలోనా? ఇంకోసారి ఆలోచించుకో."

"ఆలోచించాను. పిల్లల్ని చూసుకునేది ఆయన కాదు. నేను తప్పు రాశాను."

ఇన్నేళ్ళలో ఇంట్లో గానీ ఆఫీసులో గానీ, ఒక మాట అన్నాక దానికి సంజాయిషీ కలపకుండా ఊరుకోవడం ఆమెకి అదే మొదటిసారి.

సవరణ ఆ సాయంత్రం వెళ్ళింది. హైమ మూడు వాక్యాలు రాసింది. 'ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల్ని నరసింహ సంరక్షిస్తున్నట్టు మా వార్తలో పొరపాటున రాశాం. వారిని సంరక్షిస్తున్నది ఆయన భార్య ఉషారాణి. వార్త రాసిన విలేఖరి ఆమె ఇంట్లో రెండు గంటలు కూర్చుని కూడా ఆమెను ఒక్క ప్రశ్న అడగలేదు.' మార్గరెట్ మూడో వాక్యం కొట్టేసింది. సవరణల్లో అలాంటివి రాయరట.

శుక్రవారం ఆ ఉద్యోగం వేరే అబ్బాయికి ఇచ్చారు. హైమ కాంట్రాక్టు ఇంకో ఆరు నెలలు పొడిగించారు. హరనాథ్ "చెప్పానా?" అన్నాడు. "చెప్పావు," అంది హైమ, అంతే. తరువాతి వార్త కోసం తను వెళ్ళే ఇంట్లో ముందు ఎక్కడ కూర్చోవాలో ఆమెకిప్పుడు తెలుసు. వంటింట్లో ఒక కుర్చీ ఉంటే చాలు.

మొదటి వార్త వేసుకున్న పత్రికల్లో చాలావరకు సవరణ వేసుకోలేదు. వేసినవి కూడా ఏ మూలనో చిన్న అక్షరాల్లో వేశాయి. తెలుగు సంఘం వాళ్ళు శాలువా నరసింహ గారికే కప్పారు. ఆ సాయంత్రం ఇద్దరు పిల్లల తల్లులకి ఓవర్‌టైం పడింది, అందుకని ఆంటీ సభకి రాలేదు. విమానాల లెక్క మీకు ఎక్కడైనా దొరుకుతుంది, దాన్ని గుర్తుపెట్టుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇంత దూరం చదివారు కాబట్టి, మీరు ఈ ఒక్క పేరు గుర్తుపెట్టుకోండి. ఉషారాణి. పూర్తిగా, ఆవిడ అడిగినట్టుగానే.