రెండో పురుడు

వీరభద్రయ్య సొంత ఊరికి వచ్చాడు గానీ సొంత గడప ఇంకా తొక్కలేదు. తొక్కనివ్వలేదు. ఆ ఇంటి లెక్కలో అతను చచ్చి చాలా ఏళ్లయింది మరి!

చావంటే ఉత్తమాట కాదు, కర్మకాండతో సహా చచ్చాడు. తొంభైలో ఇరాక్ సైన్యం కువైట్ మీద పడ్డప్పుడు రాయచోటి చుట్టుపక్కల వాళ్లెందరో కట్టుబట్టలతో తిరిగొచ్చారు. ఇతను రాలేదు, కబురూ లేదు. ఏళ్ల తరబడి చూసి చూసి అన్న తిమ్మయ్య పురోహితుణ్ణి పిలిపించాడు. దర్భలతో మనిషి బొమ్మ చేయించి చితి మీద కాల్పించాడు. పదకొండోనాడు వీరభద్రయ్య పెళ్లాం లక్ష్మీదేవమ్మ గాజులు పగలగొట్టి, మెళ్లో తాళి తెంపారు. ఇప్పుడు, రెండువేల మూడులో, అక్కడ మళ్లీ యుద్ధమొచ్చేసరికి ఆ కాలిపోయిన మనిషి చంకన సంచితో బస్సు దిగాడు. ఊరు ఊరంతా నోరెళ్లబెట్టింది.

చచ్చినవాడు తిరిగొస్తే ఏం చేయాలో కూడా శాస్త్రంలో ఉందట. శాస్త్రంలో లేనిదేముంది లెండి! అతను మళ్లీ పుట్టాలి. నెయ్యి కలిపిన నీళ్లతొట్టిలో మునిగి లేవాలి. పసిబిడ్డకు చేసినట్టే పురుటి తంతు చేసి పేరు పెట్టాలి. ఆపైన తన పెళ్లానికే మళ్లీ తాళి కట్టాలి. అప్పుడుగానీ ఇంట్లో అడుగు పెట్టకూడదు. అంతదాకా కళ్లంలో గడ్డివామి పక్కన మకాం.

అక్కడ పడుకుని అతనికి ఒకటే తలపోత. కువైట్ ఎడారిలో గొర్రెలు కాసినన్నాళ్లూ పేరు పెట్టి పిలిచిన నాథుడు లేడు, అందరికీ “హిందీ”యే, అంటే ఇండియావాడే. ఇక్కడికొస్తే పిల్లలు “కువైట్ దయ్యం” అంటూ పరుగెత్తుతున్నారు. ఆ తొట్టిలో ఒక్క మునక వేస్తే మళ్లీ ఈ ఊరివాణ్ణవుతానని అతని ఆశ. భయమల్లా లక్ష్మీదేవమ్మతోనే. ఆమె ఇంతవరకూ వచ్చి మొహం చూడలేదు. ఆమె మెడ వంచకపోతే తాళి లేదు, తాళి లేకపోతే ఇల్లు లేదు.

ముహూర్తం రానే వచ్చింది. వాకిట్లో తొట్టి పెట్టారు, జనం మూగారు. వీరభద్రయ్య పంచె ఎగగట్టి తొట్టిలో కాలు పెట్టబోతుంటే తలుపు తెరుచుకుంది. లక్ష్మీదేవమ్మ బోసి మెడతో, బోసి చేతులతో బయటికొచ్చింది.

“రవ్వంతసేపు ఆగు సామీ,” అంది పురోహితుడితో. “మునగకముందే ఒక మాట అడగాల. మునిగినాంక పసిబిడ్డ గదా, పసిబిడ్డనేం అడుగుతాం?”

“ఇప్పుడేం మాటలమ్మా? ముహూర్తం దాటిపోతాండాది!” అని కసిరాడు తిమ్మయ్య.

ఆమె బావ వైపు చూడనైనా లేదు. తిన్నగా మొగుడి ముందుకొచ్చి నిలబడింది. “ఈడ నీకు కర్మ చేసినారని ఆడ నీకు తెలుసా, తెలీదా?”

వీరభద్రయ్య ఎత్తిన కాలు వెనక్కి తీశాడు. తెలుసు. కర్మ జరిగిన ఏడాదే పక్కూరి మహానంది అక్కడి బజారులో కనబడి చెప్పాడు. వింటే ఏడుపు రాలేదు, నెత్తిన బరువు దిగినట్టయింది. అప్పటికే యజమాని దగ్గర్నుంచి పారిపోయి, దొంగలా దాక్కుని బతుకుతున్నాడు. ఏ మొహం పెట్టుకుని ఇంటికి కబురు చేస్తాడు? చచ్చినవాడి కోసమైతే ఎవరూ ఎదురుచూడరు కదా అనుకున్నాడు. ఊళ్లో చెప్పొద్దని మహానంది చేత ఒట్టేయించుకున్నాడు. ఆ మహానంది కువైట్‌లోనే ఉన్నాడు, ఈ గుట్టు ఇక్కడెవరికీ తెలిసే దారి లేదు. ఒక్క అబద్ధంతో ఇల్లు దక్కుతుంది.

“తెలీదని చెప్పురా! నీకెట్ల తెలుస్తాది?” అన్నాడు తిమ్మయ్య.

చెబుదామనే నోరు తెరిచాడు. ఆమె మణికట్టు మీద గాజుపెంకు కోసిన మచ్చ కనబడింది. 

“తెలుసు,” అన్నాడు. “నీ గాజులు తీసిన ఏడే తెలిసింది.”

జనంలో కలకలం రేగింది. లక్ష్మీదేవమ్మ అతని మొహం మీంచి చూపు తిప్పలేదు. “బతికుండాడని నేను మొత్తుకుంటి. బావ కాళ్లు పట్టుకుంటి. అందరూ నన్ను పిచ్చిదాన్నన్నారు. నా మాట నిజమని ఈ లోకంలో తెలిసినోడివి నువ్వొక్కడివే. నువ్వు గమ్మునుంటివి.”

 ఆమె పురోహితుడి వైపు తిరిగింది. “కానీ సామీ. మునిగించు, పేరు పెట్టు. ఇంక వాళ్లన్న ఇంట్లోనే ఉంటాడు. ఆ పళ్లెంలో తాళి మాత్రం తీసెయ్.”

తిమ్మయ్య అరిచాడు, బతిమాలాడు. ఆమె ఇంట్లోకి వెళ్లిపోయింది. చేసేదేముంది, తంతు కానిచ్చారు. వీరభద్రయ్య మునిగి లేచాడు. చెవిలో పాత పేరే మూడుసార్లు చెప్పారు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. అన్న రెక్క పట్టి లాగుతున్నా అతను కదలక, నీళ్లోడుతూ ఆ తలుపు వైపే చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి లక్ష్మీదేవమ్మ చెంబు పట్టుకుని గడపలోకి వచ్చింది. ఆమె మొహంలో కోపం లేదు. దారినపోయే పరాయివాణ్ణి పలకరించినట్టే పలకరించింది.

“ఏమప్పా, ఎండలో నిలబడినావు. మజ్జిగ తాగి పో.”

వీరభద్రయ్య గడప ఇవతలే వంగి దోసిలి పట్టాడు.