ఇరవై నాలుగో దారి

తమిళనాట గుడియాత్తం నేతవీధిలో రుక్మిణమ్మ నోటికి భయపడనివాళ్లు లేరు. అలాంటి మనిషి అరవయ్యో ఏట మెడలో ఒక కార్డు తగిలించుకుని, చేత టేపు పట్టుకుని, ఊళ్లో కాలిబాటలన్నీ కొలవడానికి బయల్దేరిందంటే వీధి నవ్వుకోక ఏం చేస్తుంది? జీతం లేదు, బత్తెం లేదు. వేలూరులో పవిత్ర అనే కాలేజీ టీచరమ్మ నడిపే చిన్న సంఘానికి ఊరికే చేసిపెట్టే పని. జనం నడిచే దారి ఎక్కడుంది, వెడల్పెంత, ఎక్కడ మూసుకుపోయింది, మూసిందెవరు, ఇవన్నీ తమిళంలో అచ్చేసిన కాగితంలో నింపి ఫొటోలతో సహా పంపాలి. సంఘం వాటిని కలెక్టరాఫీసుకు చేరుస్తుంది.

రుక్మిణమ్మ సేవ చేయాలని చేరలేదు. కోపంతో చేరింది. నేతవీధి వెనక నుంచి మెయిన్ రోడ్డు మీది బస్టాపుకు సూటిగా పోయే కాలిబాట ఒకటుంది. దానికి రెండు పక్కలా రామానుజం పొలమే. ఆయన ఆ పొలాన్ని ఇళ్ల స్థలాలుగా అమ్మే ఆలోచనలో పడి, బాట మధ్యలో ఇనుప గేటు పెట్టి తాళం వేశాడు. రుక్మిణమ్మ కోడలు కోకిల ఆంబూరులో చెప్పుల ఫ్యాక్టరీకి పోతుంది. పొద్దున ఆరింటికల్లా కంపెనీ బస్సు అందుకోవాలి. గేటు పడ్డాక చుట్టూ తిరిగి లారీల రోడ్డు అంచున మైలున్నర నడవాల్సి వచ్చింది. ఒకరోజు ఒక లారీ ఒరుసుకుంటూ పోయి కోకిలను గుంతలో పడేసింది. మోచేతులు చెక్కుకుపోయి ఇంటికొచ్చిన కోకిల, ఇక పనికి పోనని మంచం పట్టుకుని కూర్చుంది. ఆ సాయంత్రమే అత్త వీధి నడుమ నిలబడి, దారి తెరిపించకపోతే తన పేరు రుక్మిణమ్మే కాదు పొమ్మంది. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆమెకు పుట్టుకతోనే చేతకాదు.

మొదట్లో కొలతలన్నీ మూరల్లో, బారల్లో రాసి పంపింది. పవిత్ర ఫోన్ చేసి, అమ్మా, మీటర్లలో రాయండి అని బతిమాలింది. రెండు నెలల్లో ఇరవై మూడు దారులు రాసేసింది. కాలవ మీద పగిలిన పలక ఒకచోట మార్చారు, ముళ్లకంప ఇంకోచోట తీశారు. తన దారి కాగితం మాత్రం, అంటే ఇరవై నాలుగోది, కలెక్టరాఫీసు నుంచి తిరిగొచ్చింది. సర్వే పటంలో అలాంటి బాటే లేదట. జనం నడిచిన దారేనని రుజువు కావాలట.

సోమవారం అర్జీల రోజున బస్సెక్కి వేలూరు పోయి, కలెక్టరాఫీసు క్యూలో నిలబడి అడిగింది. అక్కడి ఆఫీసరు మర్యాదగానే మాట్లాడాడు. గురువారం రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తారు, ఆరోజు రుజువు చూపకపోతే ఇళ్ల స్థలాల పటానికి అనుమతి వస్తుంది, తర్వాత ఎవరూ ఏమీ చేయలేరని తేల్చి చెప్పాడు. మేము నడిచాం, మా అత్తలు నడిచారు అంటే అది వట్టి మాట. అవతలివాడి చేతిలో ఉన్నది పట్టా. తిరుగు బస్సులో రుక్మిణమ్మకు మొదటిసారి భయమేసింది.

ఇంటికొచ్చి అటక వైపు చూస్తే పాత వెదురు గడలు కనబడ్డాయి. లుంగీల పడుగులు, అంటే మగ్గమెక్కే నిలువు పోగులు, ఇప్పుడు మిల్లు నుంచి గంజి పట్టించే వస్తున్నాయి గానీ, పదేళ్ల కిందటి దాకా ఆ పని వీధివాళ్లే చేసుకునేవారు. నేతవీధి వంకర. పడుగంత పొడుగు నూలు ఆ గడల మీద సూటిగా పరవాలంటే ఆ కాలిబాట ఒక్కటే గతి. రోజూ తెల్లారకముందే అక్కడ పరిచి, గంజి పట్టించి, ఆరాక ఎత్తేవారు. గురువారం ఒక పడుగు పరిచి చూపిద్దామని ఆమె అంటే, నేతలో తల పండిన గోవిందరాజులు పెదవి విరిచాడు. నూలు ఎవరైనా ఎక్కడైనా పరవొచ్చు, అది రుజువెట్లా అవుతుందన్నాడు. ఆయన మాట నిజమే. అయినా ఆమెకు వేరే దారి తోచలేదు.

గురువారం ఆరోకియమేరి అనే ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. ఆమె చెబితే రామానుజం పెట్టిన కాపలావాడు మునియప్ప గేటు తాళం తీశాడు. తీయగానే ఎనిమిది మంది ఆడవాళ్లు కత్తెరలా కట్టిన గడలు పాతి, గేటు దాటి అవతల దాకా పడుగు పరిచి, కుంచెలతో గంజి పట్టించసాగారు. ఇన్‌స్పెక్టరమ్మ అంతా చూసి, గోవిందరాజులు అన్న మాటే తమిళంలో అంది. ఈరోజు పరిచారు సరే, నిన్న పరిచారనడానికి ఏముంది? కోకిల అత్త వెనక నిలబడి తల దించుకుంది.

అప్పుడే పొలం గట్టు మీదుగా రామానుజం మోటారు బండి మీద వచ్చి దిగాడు, వెనక స్థలాలమ్మే ఏజెంటు. ఇన్‌స్పెక్టరమ్మ పడుగుకు ఇవతల ఉంది, వాళ్లు అవతల. ఏజెంటు మద్రాసు మనిషి. నూలు కొంచెం పైకెత్తి కింద దూరబోయాడు. రామానుజం గబుక్కున వాడి చొక్కా పట్టి వెనక్కి లాగాడు.

"యాడికప్పా, ఆగు. గంజి తడి ఆరలేదు. పడుగు దాటగూడదు."

అని, తనూ చెప్పులు విడిచి పక్కన నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరమ్మ కలం ఆగింది. ఈ అలవాటు ఎక్కడిదని అడిగింది. ఆ ప్రాంతంలో పుట్టినవాళ్లు తమిళంలో మొదలెట్టి తెలుగులో ముగించినా ఎవరూ పట్టించుకోరు.

"మా నాయన నేర్పినాడు మేడమ్. పొద్దున్నే మా ఎద్దులబండి ఈడనే ఆపేసేవాడు. వీళ్లు పడుగు ఎత్తేదాకా బండి కదిలేది లే. రోజూ అంతే."

సొంత పొలమైతే మీ నాయన రోజూ ఎందుకు ఆగాడని ఆమె నెమ్మదిగా అడిగింది. తానేం చెప్పాడో రామానుజానికి అప్పుడు తెలిసొచ్చింది. మీ నాయన దయతలిచి పరవనిచ్చాడని చెప్పండి అంటూ ఏజెంటు చెవిలో గొణిగాడు. రామానుజం వాణ్ణి మోచేత్తో పక్కకు నెట్టాడు. ఆశ ఉన్నవాడే గానీ, చచ్చిపోయిన తండ్రి మీద అబద్ధం ఆడేవాడు కాడు.

"ఇచ్చేదానికి మాదైతే గదా. మా నాయన ఏనాడూ ఆ మాట అనలేదు. దారి వీధిదే మేడమ్. రాసుకోండి."

ఇన్‌స్పెక్టరమ్మ రాసుకుంది. ఇళ్ల స్థలాల పటంలో బాటను పూర్తి వెడల్పుతో వదలాలని రాసి, సంతకానికి రమ్మంది. రామానుజం రుక్మిణమ్మ వైపు చూసి, ఇంక దాటొచ్చునా అక్కా అని అడిగాడు. ఆమెకు కళ్ల నీళ్లు కారుతున్నాయి. నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

"ఆరనీ అప్పా. ఇన్నాళ్లు మేము చుట్టూ తిరగలే? నువ్వు కొంచేపు నిలబడు."

నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరమ్మ కూడా కలం మూసి నిలబడింది. ఎండెక్కి పడుగు ఆరాక ఎనిమిది మందీ దాన్ని చుట్టి ఎత్తారు. రామానుజం దాటి వచ్చి సంతకం చేశాడు, మునియప్పను పిలిచి గేటు ఊడదీయమన్నాడు. ఆడవాళ్లు ఒక గుంపుగా ఆ బాటలో బస్టాపు దాకా నడిచి, ఏ బస్సూ ఎక్కకుండా మళ్లీ వెనక్కి నడిచొచ్చారు. ఎందుకని ఎవరూ అడగలేదు. అంత సంబరంగా ఆ వీధి నడిచి చాలా కాలమైంది.

మర్నాడు కోకిల టిఫిన్ డబ్బా పట్టుకుని మళ్లీ పనికి ఒంటరిగా బయల్దేరింది. రుక్మిణమ్మ వాకిట్లో నిలబడి, పోయిన దారి వైపే చూస్తూ ఉంది. చేతిలో ఫోను మోగింది.

"అత్తా, బస్సు ఇంకా రాలే. నేనే ముందొచ్చినా."

రుక్మిణమ్మ ఫోను పెట్టేసి, ఆ మాట ఇంటింటికీ చెప్పి రావడానికి బయల్దేరింది.