ఏడో పలక మీద పగులు

తనిఖీ గదికి లోపలి వైపు గడియ ఉండదు. మా గ్యాలరీలో అమ్ముడైన ప్రతి కళాఖండాన్నీ కొన్నవాళ్లకి అప్పగించే ముందు ఒక మనిషి దానితోపాటు ఈ గదిలో కూర్చుని పరీక్షించాలి. బయట తాళం పడుతుంది. సెల్‌ఫోను బయటే ఉండిపోతుంది. ఉన్నది ఉన్నట్టు ఫారంలో రాసి, సంతకం చేసి, తలుపు కింది సందులోంచి తోస్తేనే తాళం తీస్తారు. ఎప్పుడో తనిఖీ చేసే మనిషే బొమ్మని మార్చేశాడట. అప్పటినుంచి యజమాని పెట్టిన పద్ధతి ఇది. మూడేళ్లుగా ఆ లోపలి మనిషిని నేనే.

ఆ రోజు నా ఎదుట ఉన్నది ఏడో పలక. తలుపంత చెక్క మీద సున్నం పూతలు వేసి, ఏడాదిపాటు ఎండకీ తేమకీ వదిలేస్తుంది చిత్రకారిణి. సున్నం తనంతట తాను పగలాలి. పగిలాక దాని లోతుల్లో వెంట్రుకంత నీలం గీత నింపుతుంది. అంతే బొమ్మ. ఇలాంటివి ఇప్పటికి పదకొండే ఉన్నాయి. ఇక చేయనని ఆవిడ చెప్పేసింది. ఒక్కటి దక్కితే చాలని ఎదురుచూసేవాళ్ల జాబితా మా దగ్గర నాలుగు పేజీలుంది. ఏడో పలక దక్కించుకున్న పళ్ల డాక్టరు ఆరేళ్లు ఆ జాబితాలో ఉన్నాడు. “పొద్దస్తమానం పుచ్చులు పూడ్చేవాడికి ఇంట్లో పగులు కావాల్సొచ్చింది” అని, తాళాలు చూసే కాపలాదారు, గ్యాలరీలో అందరం బాబాయ్ అని పిలిచే ఆయన, నన్ను లోపలికి పంపుతూ నవ్వాడు.

పలక వచ్చిన రోజు నేనే తీసిన ఫొటోలు పక్కన పెట్టుకుని, భూతద్దంతో ఒక్కో పగులూ సరిచూశాను. మొత్తం నలభై మూడు. ముప్ఫై ఎనిమిది దాకా ఏ తేడా లేదు. ముప్ఫై తొమ్మిదోది అన్నిటికన్నా పెద్దది. ఎడమ పైమూల నుంచి మధ్యదాకా ఏరులా దిగాలి. అది మధ్యకి చేరకముందే ఆగిపోయింది.

కళ్లు నలుపుకుని మళ్లీ చూశాను. ఫొటో తిరగేసి పెట్టానేమోనని కూడా చూసుకున్నాను. దీపం పక్కకి వంచి పట్టుకుంటే తెలిసింది. జానెడు మేర ఎవరో పుట్టీ పెట్టారు. అదే తెలుపు, అదే గరుకు. చివర్లో మాత్రం తడి బొటనవేలితో ఎడమకి లాగి వదిలిన చిన్న పల్లం. ఆ పల్లం నాకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. మేము ఉన్న ప్రతి అద్దె ఇంట్లోనూ స్విచ్చుల చుట్టూ అదే ఉండేది.

మా నాన్న గోడలకి రంగులు వేస్తాడు. ముందు హాలుకి తెల్లరంగు వేసే పని నేను చెప్పే ఇప్పించాను. శనివారం ఈ పలక వచ్చినప్పుడు పెట్టెలోంచి తీయించి, హాల్లో గోడకి ఆనించి ఫొటోలు తీసి, పేరు చీటీలు తెద్దామని ప్రింటింగు షాపుకి వెళ్లాను. కళాఖండం దగ్గర బయటివాళ్లని ఒంటరిగా వదలకూడదు. ఈ ఉద్యోగంలో నేర్పిన మొదటి నియమం అది. నాన్న బయటివాడని నాకు తట్టలేదు.

ఆయన ఇప్పుడూ ముందు హాల్లోనే ఉన్నాడు. తలుపు తట్టి, రంగు గురించి ఏదో అడగాలి, మా నాన్నని ఒకసారి పంపమని బాబాయ్‌కి చెప్పాను. బాబాయ్ ఆయన్ని పంపించి టీకి వెళ్లాడు. తలుపు అవతల రంగు డబ్బా కింద పెట్టిన చప్పుడైంది.

“శనివారం ఆ పలకని ముట్టుకున్నావా నాన్నా?”

“కనిపెట్టేశావా?” అన్నాడు. గొంతులో సంతోషం. “ఎక్కడ పెట్టానో వెతికితే నాకే దొరకదనుకున్నాను.”

ఎందుకు చేశావని అడిగాను. బండిలోంచి దింపేటప్పుడు పగిలిందని, లోపల నీలం పాత రంగు బయటపడిందని అనుకున్నాడట. సామాను నా చేతిలో ఉంటుంది కాబట్టి మాట నా మీదికే వస్తుందని భయపడ్డాడట. సన్నవి ఎవరూ పట్టించుకోరు, పెద్దదానిలో బాగా నోరు తెరుచుకున్న మేర కప్పితే చాలని, నేను వచ్చేలోపు మూడు రకాల తెలుపు కలిపి చూసి, పెట్టి, ఊది ఊది ఆరబెట్టాడట. చెబితే కంగారు పడతానని నాకు చెప్పలేదు.

“అది దెబ్బ తగిలి పగిలింది కాదు నాన్నా. ఆ పగులే బొమ్మ.”

అవతల రంగు డబ్బా మూత బిగించిన చప్పుడైంది.

“పగులు కొంటారా?” అన్నాడు.

“ఆరేళ్లు ఎదురుచూసి మరీ కొంటారు.”

గీకి తీసేస్తానన్నాడు. పుట్టీ లోపలి నీలాన్ని తాగేసి ఉంటుందని, గీకితే రెండూ కలిసి ఊడతాయని చెప్పాను. ఆవిడే వచ్చి మళ్లీ నింపినా అది ఇక ఆ పగులు కాదని కూడా చెప్పాను. చెబుతుండగానే సిగ్గేసింది. ఈ మూడేళ్లలో నేర్చుకున్నదంతా ఆయన మీదికే విసురుతున్నాను.

గదిలో గోడకున్న ఆఫీసు ఫోను మోగింది. యజమాని. డాక్టరుగారు వచ్చి కూర్చున్నారని, ఎన్నడూ లేనిది ఇంత ఆలస్యమేమిటని అడిగాడు. ఇంకా నాలుగు పగుళ్లు చూడాలన్నాను. అది నిజమే.

ఆ గదికి కిటికీ లేదు. తేమ లాగే యంత్రం సన్నగా రొద పెడుతూ ఉంటుంది. ఫారంలో రెండు గడులున్నాయి: ‘వచ్చినప్పటిలాగే ఉంది’, ‘మార్పు జరిగింది’. మొదటిదానిలో టిక్కు పెడితే అయిదు నిమిషాల్లో బయట ఉంటాను. రెండోదైతే ఎవరు, ఎందుకు, ఎవరి బాధ్యతలో ఉండగా అని నింపాలి. నింపితే నా ఉద్యోగం ఆ పూటతో సరి. నాన్నకి ఈ వీధిలో ఇంకెవరూ గోడ అప్పగించరు.

“బాగుందని రాసెయ్యి తల్లీ,” అన్నాడు నాన్న, ఫారం కనిపిస్తున్నట్టే. “నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుస్తుంది? నువ్వు రాస్తే ఇంక తిరుగేముంది?”

మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనొక్కదాన్నే. నేను ఏది రాసినా ఆయనకి అది కోర్టు తీర్పు. పైగా ఆయన అన్నది నిజమే, ఎవరికీ తెలియదు. డాక్టరు దాన్ని గోడకి పెట్టుకుని మురిసిపోతాడు. ఏ పదేళ్లకో అమ్ముతాడు. అప్పుడు పలక మళ్లీ ఈ గదికే వస్తుంది. దాని ఎదుట మళ్లీ నేనే కూర్చుని అదే గడిలో టిక్కు పెట్టాలి. జాబితాలో తర్వాతి మనిషి నా సంతకం చూసే కొంటాడు.

మిగిలిన నాలుగు పగుళ్లూ చూశాను. తర్వాత రాశాను. ముప్ఫై తొమ్మిదో పగులు జానెడు మేర పుట్టీతో పూడిందని, పూడ్చింది హాలుకి రంగు వేస్తున్న నా తండ్రి అని, దెబ్బ తగిలిందనుకుని బాగుచేశాడని. అప్పుడు పలక నా బాధ్యతలో ఉందని, నియమం తప్పి నేను బయటికి వెళ్లానని. సంతకం చేసి తలుపు కిందినుంచి తోశాను.

బాబాయ్ ఇంకా రాలేదు. కాగితం తీసుకున్నది నాన్న. ఆయన కూడబలుక్కుని చదవగలడు. ఒక్కో ముక్కా విరిచి విరిచి పైకే చదివాడు. ‘నా తండ్రి’ దగ్గర ఆగి, ఆ ముక్క మళ్లీ చదివి, చివరిదాకా వెళ్లాడు.

“నా సంగతి అలాగే ఉంచు. నువ్వు వెళ్లావన్న ముక్క కొట్టేసి ఇంకోటి రాయి.”

“వెళ్లింది నేనే కదా.”

“ఇది నేను చించేస్తే?”

“ఇంకో ఫారం ఉంది నాన్నా. మళ్లీ ఇదే రాస్తాను.”

“ఇందుకా నిన్ను చదివించింది,” అన్నాడు. అది తిట్టో మెచ్చుకోలో గొంతుని బట్టి తేల్చుకోలేకపోయాను.

కాగితం మడతపెడుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆయన అడుగులు యజమాని గది వైపు కదిలాయి, నిచ్చెన భుజాన వేసుకుని నడిచినట్టు నెమ్మదిగా. అక్కడి తలుపు తెరుచుకుంది. మూసుకుంది.

నేను భూతద్దం తుడిచి పెట్టెలో పెట్టాను. ఫొటోలు వరుసలో సర్దాను. కుర్చీ తలుపుకి ఎదురుగా తిప్పుకుని కూర్చున్నాను. తాళం తీయడానికి ఇంకా ఎవరూ రాలేదు.