గుంజలు పీకే రోజు

సీతమ్మ గుడ్డసంచిలో ముందు దుప్పటి పెట్టింది. దానిమీద పులిహోర డబ్బా, ఉతికిన పంచె, కాళ్ళనొప్పుల మాత్రలు. ఒక్క రాత్రికి సరిపడా సర్దింది. ఏటా రత్తయ్యకు సర్దేది అంతే. చేతికి అదే అలవాటు.

భవానీపురంలో ఆమె ఇంటిపక్కనున్న ఆమె ఖాళీ స్థలంలో రత్తయ్య గేదెల్ని కట్టుకోబట్టి చాలా ఏళ్ళయింది. ఊరికే ఉండేవాడు రేపు స్థలం నాదంటాడేమోనని ఎవరో అన్న మాట ఒకసారి అతని చెవిన పడింది. అప్పట్నుంచి ఉగాది ముందురోజున తనే గుంజలు పీకి, రేకులు దింపి, గేదెల్ని కాలవగట్టుకు తోలుకుపోయేవాడు. పండగనాడు సీతమ్మ గేటు దగ్గర నిలబడి రమ్మంటేనే మళ్ళీ గుంజలు పాతేవాడు. ఆ ఒక్క రాత్రీ ఆమెకు కన్ను మూతపడేది కాదు. వెళ్ళిన మనిషి వస్తాడో రాడోనన్న దిగులు అమ్మమ్మకు పుట్టుకతోనే వచ్చిందని మనవరాలు ఉషశ్రీ నవ్వేది.

ఈసారి ఉషశ్రీ అక్కడ ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లలకు హాస్టలు కట్టబోతోంది. స్థలాల్ని తుప్పలకు వదిలెయ్యకండి, కట్టుకోండని కార్పొరేషన్ వాళ్ళూ చెప్పి వెళ్ళారు. సీతమ్మకూ ఇష్టమే. రత్తయ్య ఎక్కడికి పోతాడన్నదే గుండెల్లో గుచ్చుకుంటోంది. అలిగి అన్నం మానేసి, చివరికి వెనకమూలన ఒక్క గేదెకైనా పాక ఉండేలా ప్లానులో గీయించింది.

సంచి అందిస్తూ ఆ మాటే చెప్పింది.

రత్తయ్య తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "పొద్దున్నే ఆడపిల్లలు కిటికీ తీస్తే నా పేడకుప్ప కనపడాలా అమ్మగారూ? గేదెల హాస్టలని పేరెడతారు."

"పెట్టనియ్యి. నువ్వు రా."

"ఇన్నాళ్ళూ ఈ నేల నన్ను సాకింది. ఇక ఆ బిడ్డల్ని సాకనియ్యండి. హనుమాన్ జంక్షన్‌లో మా చెల్లెలు దొడ్డి చూసిందండీ."

"రేపు గేటు దగ్గరే ఉంటాను," అంది సీతమ్మ.

అతను సంచి భుజాన తగిలించుకున్నాడు. ఈసారి గేదెలు గట్టుకు నడవలేదు, మినీలారీ ఎక్కాయి.

పండగనాడు ఆమె ఉగాది పచ్చడి గిన్నెతో ఎండెక్కేదాకా నిలబడింది. ఉషశ్రీ కుర్చీ తెచ్చి వేసి, తను గేటు మెట్టుమీద కూర్చుంది. ఆ మూల అలాగే ఉంచుతానని మెల్లగా చెప్పింది. ఉంచింది కూడా.

రత్తయ్య ఆ స్థలానికి మళ్ళీ రాలేదు. ఆ ఏడు ఉగాది ముందురోజు వెళ్ళినవాడు, మరుసటి ఏడు హాస్టల్లోకి పిల్లలు దిగిన కార్తీకంలో, చెల్లెలి ఇంట్లో పోయాడు.