పదకొండు ఉత్తరాలు

కుళ్ళాయప్ప తాడిపత్రిలో బండల వ్యాపారం వదిలి ఇంటర్నెట్ సెంటర్ పెట్టి రెండేళ్లయింది. వైరస్‌లతో విసిగి, విండోస్ తీసేసి, ఎవరో ఉచితంగా ఇచ్చిన లైనక్స్ సీడీని కంప్యూటర్లన్నింటిలోనూ ఎక్కించాడు. అంతటితో ఇంటర్నెట్ అందించే మోడెమ్ పనిచేయడం మానేసింది. ఎల్లుండి ఇంటర్ ఫలితాలు. ఏడాదిలో కొట్టు కిక్కిరిసేది ఆ ఒక్కరోజే.

లైనక్స్ తెలిసినవాళ్లకు, ఒకరు రాస్తే అందరికీ చేరే ఈమెయిళ్ల మెయిలింగ్ లిస్టు ఒకటి ఉంది. ఏ సందేహమైనా అందులో అందరి ముందూ అడగాలి. కుళ్ళాయప్పకు అది మర్యాదగా తోచలేదు. బండల బజారులో పని కావాలంటే పెద్దమనిషి ఇంటికి పోయి, క్షేమం కనుక్కుని, ఆ తర్వాతే నోరు విప్పాలి. అందుకని పక్కవీధి సెంటరులో కూర్చుని, లిస్టులో పెద్దలనిపించిన పదకొండు మందికీ విడివిడిగా, పిల్లాజెల్లా కులాసానా అంటూ మొదలుపెట్టి, చివర్లో మోడెమ్ సంగతి అడుగుతూ ఉత్తరాలు రాశాడు.

మర్నాడు జవాబులొచ్చాయి. నా సొంత చిరునామాకు రాయడానికి నీకెంత ధైర్యం అన్నాడొకడు. మాన్యువల్ చదివి రమ్మన్నాడు ఇంకొకడు. మూడోవాడు అందరికీ ఒకటే ఉత్తరం పోయిందని కనిపెట్టి, లిస్టులోంచి కుళ్ళాయప్ప పేరే కొట్టేయించాడు.

కుళ్ళాయప్ప ఇటుకంత లావు మాన్యువల్ ప్రింటు చంకన పెట్టుకుని కొట్టుకు వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమన్నారు నీ పెద్దమనుషులు?" అంది భార్య సుంకమ్మ.

"తరిమినారు."

"ఊరికే తరుముతారా?"

"వాళ్లకేమన్నా జీతమా? దినామూ వంద మంది ఇదే అడుగుతాంటే నేనైనా కసురుకుంటా."

అతను మొదటి పేజీ తిప్పాడు.

"రేపటికి అయితాదా?"

"యాడ అయితాది? సప్లిమెంటరీ ఫలితాలకు చూస్తాం."