కుట్టుగదిలో పిచ్చుక

మా నానమ్మ అంతరిక్షనౌకకు దుప్పటి కుట్టిందంటే ఇంట్లో ఎవరమూ పూర్తిగా నమ్మలేదు. వయసులో ఉండగా అంతరిక్ష కేంద్రంలో కుట్టుపని చేసిన మాట నిజమే. అయితే అక్కడ కిటికీ తెరలూ కుర్చీ గలేబులూ కుట్టి ఉంటుందని నాన్న ఉద్దేశం. ఆవిడ ఆ సంగతి ఎత్తగానే పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు.

"నవ్వుకోండిరా. అది భూమి చుట్టూ తిరిగిందంటే మేం కప్పిన దుప్పటి చలవే," అనేసి నానమ్మ లోపలికి వెళ్లిపోయేది.

అందుకే, ఆ ప్రయోగం రోజుల్లో తీసి ఏ మూలో పడేసిన ఫిల్ములన్నీ ఏరి కూర్చి ఎవరో డాక్యుమెంటరీ చేశారనీ, మా ఊరి పాత సినిమా హాల్లో మ్యాట్నీ ఆడుతోందనీ తెలియగానే నేనే నానమ్మను తీసుకెళ్లాను. తోడుగా కత్తెరత్త వచ్చింది. ఆవిడ తాతయ్య చెల్లెలు. నానమ్మతో పాటు ఆ కుట్టుగదిలోనే పనిచేసింది. పక్కన కూర్చుని కుట్టే పిల్ల నచ్చి, అన్నకు చేసుకుందామని ఇంట్లో పట్టుబట్టింది కూడా ఆవిడే. కత్తెరత్త అన్నది నాన్న పెట్టిన పేరు. కత్తెర ఆవిడ చేతిలో కంటే నోట్లోనే ఎక్కువ ఆడుతుంది మరి.

హాలు సగానికి పైగా నిండింది. ముందు వరసల్లో కాలేజీ వాళ్లు, వెనక తల నెరిసినవాళ్లు. తెర మీద లావుపాటి కళ్లద్దాలూ, చెవుల మీదికి దిగిన జుట్టూ, గది నిండా సిగరెట్ పొగా కనబడినప్పుడల్లా ముందు వరసలు నవ్వాయి. వెనక వరసల్లో మాత్రం ఎవరో మెల్లగా "అదుగో, మా బావ" అన్నారు. ఇంకెవరో "ఆ చొక్కా నేనే కొనిచ్చాను" అన్నారు. మా ముందున్న పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్లీ తీశాడు.

అప్పుడు కుట్టుగది వచ్చింది. శబ్దం లేని ఫిల్ము. పొడవాటి బల్ల చుట్టూ తెల్లటోపీల ఆడవాళ్లు. మూతులకు గుడ్డలు కట్టుకోవడంతో కళ్లు తప్ప ఏమీ కనబడటం లేదు. బల్ల మీద పొరలు పొరలుగా బంగారు రంగు రేకు, నౌకకు ఎండా చలీ తగలకుండా కప్పే దుప్పటి. కెమెరా దగ్గరికి జరిగింది. పల్చటి తొడుగులు వేసుకున్న రెండు చేతులు తెరంతా పరుచుకున్నాయి. సూది దిగింది, లేచింది. కాలేజీ వాళ్లు కూడా నవ్వడం మానేశారు.

"నా చేతులు," అంది నానమ్మ.

"నీవెక్కడివి వదినా. నావి. కెమెరా ఆయన నిలబడింది నా పక్కన."

"నీ పక్కన నిలబడి నా వైపు తీశాడు. నీ కుట్టు అంత దగ్గరగా ఏనాడు పడింది?"

"నువ్వే కదా ఊడదీసి మళ్లీ కుట్టేదానివి."

వెనక నుంచి ఎవరో ఉష్ అన్నారు. ఇద్దరూ చెరో వైపు తిరిగి కూర్చున్నారు. నేను అప్పటికే 'తెర మీద నానమ్మ చేతులు' అని మా ఇంటి గ్రూపులో పెట్టేశాను. నాన్న వెంటనే చేతులు జోడించిన బొమ్మ పంపాడు.

తర్వాత రాకెట్ లేచింది. ఎప్పుడో వెళ్లి తన పని ముగించుకున్న నౌక అది. అయినా వెనక వరసల వాళ్లు ఊపిరి బిగబట్టారు. నానమ్మ చెయ్యి చాచింది. అలిగి అటు తిరిగిన కత్తెరత్త కూడా, చూడకుండానే ఆ చెయ్యి అందుకుంది.

ఆట అయ్యాక డాక్యుమెంటరీ తీసిన అమ్మాయి బయట నిలబడి అందరితో మాట్లాడుతోంది. కత్తెరత్త నేరుగా వెళ్లింది. "అమ్మాయ్, ఆ కుట్టుగది ఇంకొకసారి చూపిస్తావా? మా వదినా నేనూ తగువులో ఉన్నాం."

ఆ అమ్మాయి ముఖం వెలిగింది. "మీరు ఆ గదిలో పనిచేశారా? వాళ్లెవరో తెలుసుకోవాలని ఎంత తిరిగానో. ఫిల్ము డబ్బా మీద పేర్లేమీ లేవండీ." టికెట్ల కౌంటరు గట్టు మీద లాప్‌టాప్ తెరిచి, ఆ ముక్క దాకా జరిపింది.

ఇద్దరూ తలలు ఆనించి చూశారు. సూది దిగింది, లేచింది. ఒక కుట్టువరస అయిపోయింది. హాల్లో మేం పోట్లాటలో పడి చూడని సంగతి అప్పుడు కనబడింది. ఆ చెయ్యి సూదిని పక్కన పెట్టి, కుట్టు మీద మెత్తగా రెండుసార్లు తట్టింది, పాపాయి వీపు తట్టినట్టు. తర్వాత రెండో వరస మొదలుపెట్టింది. అది పూర్తయ్యాక మళ్లీ అలాగే తట్టింది.

నానమ్మ గట్టు పట్టుకుంది. "పిచ్చుక," అంది కత్తెరత్త.

పిచ్చుక వాళ్లతో పాటు కుట్టిన మనిషని నానమ్మ ఇంతకుముందే నాకు చెప్పింది. పిట్టంత ఉండేదట. మూతి గుడ్డ వెనక ఎప్పుడూ ఏదో కూనిరాగం. పాలు తాగే పిల్లను ఇంట్లో ఆడపడుచు దగ్గర వదిలి పనికి వచ్చేది. "దాన్నేమిటి, జోకొడుతున్నావా?" అని పైఅధికారిణి కసిరితే, "అలవాటండీ, చేతికి తెలియదు" అందట. నౌక వెళ్లిన మరుసటి ఏడే జ్వరమొచ్చి పోయింది. పిల్లను మేనత్త తన ఊరు తీసుకెళ్లిపోయింది.

"మరి ఈ చేతులు మీలో ఎవరివండీ?" అడిగింది డాక్యుమెంటరీ అమ్మాయి.

కత్తెరత్త గొంతు తగ్గించింది. "నీవేనని చెప్పెయ్ వదినా. పిల్ల ఇంటిల్లిపాదికీ చెప్పేసింది. ఇన్నేళ్లయ్యాక ఎవరికి తెలుస్తుంది?"

నానమ్మ నా వైపు చూసింది. నేను తలదించుకున్నాను. ఆవిడ ఆ మాట అనేసినా నేను తప్పు పట్టేదాన్ని కాదు.

"దానికి ఇంకేం మిగిలిందే," అంది చివరికి. "మనకి ఇళ్లున్నాయి, పిల్లలున్నారు, పోట్లాడుకోవడానికి ఒకరికొకరం ఉన్నాం. దానికి ఉన్నవి ఈ రెండు చేతులే." ఆ అమ్మాయికి పిచ్చుక అసలు పేరు చెప్పి, తప్పు పడకుండా రెండుసార్లు రాయించింది.

ఇంటికి వెళ్లాక నాన్న అడిగాడు. "అయితే అవి నీ చేతులు కావా?"

"కావురా."

ఎగతాళి చేస్తాడనుకున్నాను. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. "మరి నువ్వు ఏ ముక్క కుట్టావమ్మా?" అన్నాడు. నానమ్మ మంచం మీది దుప్పటి లాగి, నౌకకు ఏ వైపు ఏ పొర వచ్చేదో మడతలు పెట్టి చూపించింది.

పిచ్చుక కూతురు పెళ్లయ్యాక ఈ ఊరే వచ్చి, స్కూలు బస్సు నడుపుతోందని కత్తెరత్తకు తెలుసు. ఒకసారి పలకరించబోయి, తల్లి ముఖం కూడా ఎరగని మనిషికి ఏం చెప్పాలో తోచక తిరిగొచ్చేసిందట. మర్నాడు ముగ్గురం బస్సుల షెడ్డుకు వెళ్లాం. యాభై దాటిన మనిషి, చొక్కా చేతులు పైకి మడిచి బస్సు అద్దం తుడుస్తోంది.

"అమ్మా, మీ అమ్మ సినిమాలో ఉంది," అంది నానమ్మ.

ఆవిడ మమ్మల్ని ఎగాదిగా చూసింది. "మీరు ఇంకెవరి కోసమో వచ్చినట్టున్నారు. మా అమ్మ సినిమాల్లో చెయ్యలేదండీ."

కత్తెరత్త అడ్డుపడి అంతా వివరించింది. ఆవిడ గుడ్డ పిండటం కూడా మరిచిపోయి విన్నది. "మా అమ్మది ఒక్కటే ఫొటో ఉంది," అంది. "అందులో మెడ దాకానే."

ఆ మధ్యాహ్నమే హాల్లో ఆవిడను మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. చేతులు వచ్చినప్పుడు ఆవిడ ముందుకు వంగి, ముందు సీటు మీద గడ్డం ఆనించింది. తెర మీద చెయ్యి కుట్టును తట్టింది.

"ఎందుకలా తడుతోంది?"

"నిన్నే," అంది నానమ్మ. "పని ఇక్కడ, ధ్యాస ఇంట్లో."

ఆవిడ ఏడవలేదు. తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, వేళ్లు ముడిచి తెరిచి, చూసుకుంటూ ఉండిపోయింది. రాకెట్ లేవకముందే లేచింది. "పిల్లల్ని దింపాలి. ఆలస్యమైతే గేటు దగ్గర గోల చేస్తారు." తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. "మీకు పనేం లేకపోతే బస్సెక్కండి. మా అమ్మ ఎలా మాట్లాడేది, ఏమని నవ్వేది, అవన్నీ నాకు కావాలి."

స్కూలు దగ్గర పిల్లలు తోసుకుంటూ ఎక్కారు. డ్రైవరు వెనక సీటులో ఇద్దరు ముసలమ్మలను చూసి కాసేపు బిత్తరపోయి, మళ్లీ వాళ్ల గోలలో పడ్డారు. బస్సు కదిలింది.

"మొట్టమొదటి రోజు ఏం జరిగిందంటే," మొదలుపెట్టింది కత్తెరత్త.

"మొదటి రోజు నువ్వు సెలవులో ఉన్నావు," అంది నానమ్మ. "నువ్వుండు, నేను చెబుతాను. మీ అమ్మ తలుపు తోసుకుని వచ్చి, మా అందరినీ చూసి, అబ్బో ఇదేదో ఆపరేషన్ గదిలా ఉందే, రోగి ఎక్కడమ్మా అంది."

డ్రైవరు సీట్లో ఆవిడ పగలబడి నవ్వింది. కత్తెరత్త ఆ నవ్వు విని నానమ్మ మోచెయ్యి నొక్కింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"తర్వాత?" అంది ఆవిడ, అద్దంలోంచి వాళ్లను చూస్తూ.

మా వీధి మలుపు వచ్చింది, దాటిపోయింది. నేను ఆపమనలేదు.